మూడు కేజీల ప్రెషర్

"ఈసారి వాళ్లు తుపాకీ వాడరు. ఆవిరి వాడతారు," అన్నాడు పెద్దాయన.

కళ్లజోళ్ల దుకాణం వెనకగది అది. గోడకు అక్షరాల చార్టు వేలాడుతోంది. టైము ఎనిమిదిన్నర. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న ఏజెంటుకి యాభై నాలుగేళ్లు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని స్పానర్ అంటారు. ఇరవై రెండేళ్లుగా వాల్వ్ మెకానిక్ వేషంలో ఫ్యాక్టరీల్లో దూరి దూరి, చివరికి ఆ వేషమే వృత్తి అయి కూర్చుంది. గూఢచారిగా రెండు పతకాలొచ్చాయి, మెకానిక్‌గా మోకాళ్ల నొప్పులొచ్చాయి. రోజూ గుర్తొచ్చేవి నొప్పులే.

"రీసెర్చ్ సెంటర్, మొదటి అంతస్తు ల్యాబ్," పెద్దాయన కొనసాగించాడు. "అవతలి దేశం వదిలి మన దగ్గరికి వచ్చేసిన సైంటిస్టు పెద్దావిడ ఇవాళ ప్రయోగం చేస్తుంది. సరిగ్గా పదకొండుకి టైమర్ మీద స్టీమ్ లైను తెరుచుకుంటుంది. ఆవిడ ముందున్న ట్యాంకు మూడు కేజీల ప్రెషర్‌కి తయారైంది. బాయిలర్ నుంచి వచ్చేది పది కేజీలు. పదిని మూడు చేసేది కింద ఒకే ఒక్క రెగ్యులేటింగ్ వాల్వ్."

"దాన్ని చెడగొట్టారు."

"నిన్న, సర్వీసింగ్ పేరుతో. పేలితే యాక్సిడెంటని రాసుకుంటారు."

"ప్రయోగం ఆపేస్తే పోలా?"

"ఆపితే వచ్చే వారం ఇంకో దారి వెతుకుతారు. ప్రయోగం జరగాలి, ఏమీ కాకూడదు. పదకొండుకి ముందు ఆ బిల్డింగ్‌లోంచి ఎవడు పారిపోతాడో వాడే మనకి కావాలి. గేటు దగ్గర మనవాళ్లుంటారు." పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "లోపల మన మనిషి అక్కడి సేఫ్టీ ఆఫీసర్. కోడ్ నేమ్ మల్లె. నీకు తెలిసినావిడే."

స్పానర్ కళ్లు మూసుకున్నాడు. పదేళ్ల కిందట ఒక మిషన్ కోసం ఆమె మూడేళ్లు అతని భార్యగా నటించింది. ఒకే ఇల్లు, ఒకే తాళంచెవి. పని అయిపోయాక కాగితాలు చింపేసి చెరో రైలు ఎక్కారు.

"ఆవిడ మనదేనా?"

"సోమ, బుధ, శుక్రవారాల్లో ఖాయంగా మనదే."

"ఇవాళ గురువారం."

"అందుకే నిన్ను పంపిస్తున్నా."

లేచేముందు పెద్దాయన ఒక పెన్ను ఇచ్చాడు. మాటలు రికార్డు చేస్తుందట. స్పానర్ నొక్కి చూశాడు. బ్యాటరీ లేదు. రాయడానికైనా పనికొస్తుందని జేబులో పెట్టుకున్నాడు.

పది గంటలకి అతను వాల్వ్ రూములో ఉన్నాడు. ల్యాబ్‌కి సరిగ్గా కింద, నేల అంతస్తులో ఉన్న గది. పాత గ్రీజు వాసన, గోడ పొడవునా దుప్పట్లు కప్పినట్టు లావుపాటి పైపులు. తలుపు దగ్గర హీల్స్ చప్పుడైంది.

"రబ్బరు వాషర్లు తెచ్చారా?"

"రాగివి తెచ్చాను. రబ్బరు వేడికి ఆగదు."

కోడ్ సరిపోయింది. ఆమె లోపలికి వచ్చింది. నల్ల సూటు, ఎర్రటి లిప్‌స్టిక్, హెల్మెట్ కింద కూడా చెదరని జుట్టు. బాయిలర్ సెక్షన్ మొత్తం పని మానేసి చూసే మనిషి. కళ్ల కింది నలుపు మాత్రం పౌడరుకి లొంగలేదు.

"సన్నబడ్డారు," అంది. "వేళకి తింటున్నారా?"

"తింటున్నా. నువ్వు?"

"రెండు వైపులకీ రిపోర్టులు రాసేసరికే ఆకలి చచ్చిపోతోందండీ."

అతను పనిముట్ల సంచి కింద పెట్టాడు. లోపలికి వచ్చే స్టీమ్ లైను చక్రాన్ని ఎవరూ తిప్పకుండా గొలుసు కట్టి, తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నాడు. తర్వాత ప్రెషర్ చూపించే గేజీ చూశాడు. లైనులో ఇంకా ఆవిరే లేదు, ముల్లు మాత్రం మూడు మీద నిలబడి ఉంది. గోటితో కొట్టాడు. కదల్లేదు. అతికించిన ముల్లు. తల పైకెత్తి సేఫ్టీ వాల్వ్ చూశాడు. ప్రెషర్ మితిమీరితే అది దానంతటదే లేచి ఆవిరి వదిలేయాలి. లేవకుండా పైనుంచి బోల్టు బిగించి, చుట్టూ ఇనుప బోనుకి తాళం వేశారు.

"తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"డైరెక్టర్ దగ్గర," అందామె.

అతను వాల్వ్ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. మోకాళ్లు రెండూ ఒకేసారి మూలిగాయి. అడ్జస్టింగ్ స్క్రూని ఎడమవైపు పూర్తిగా వదులు చేశాడు. అలా చేయకుండా విప్పితే లోపలి స్ప్రింగు ఎగిరి మొహం పగలగొడుతుంది. మూత తీసి స్ప్రింగుని బయటికి తీశాడు. పసుపు రంగు. మూడు కేజీలకి వేయాల్సింది పసుపుదే. కానీ బొటనవేలికి పసుపు అంటింది. రుద్దితే అడుగున ఎరుపు కనిపించింది. ఎర్ర స్ప్రింగు పన్నెండు కేజీలకి వేసేది. దీన్ని బిగిస్తే పదికి పదీ నేరుగా పైకి పోతాయి.

అప్పుడే బయట బూట్ల చప్పుడైంది. స్ప్రింగు నేల మీద ఉంది. ఆమె ఒక్క క్షణం దాన్ని చూసింది, ఒక్క క్షణం అతన్ని చూసింది. తర్వాత తల మీది హెల్మెట్ తీసి స్ప్రింగు మీద బోర్లించింది.

వచ్చినవాడు సెంటర్ డైరెక్టర్. పొడుగ్గా, మర్యాదగా, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని ఉన్నాడు. "సర్వీసింగ్ నిన్నే అయిందన్నారే?"

"అయింది సార్. స్క్రూకి గ్రీజు పెట్టి రమ్మన్నారు," అన్నాడు స్పానర్, తల ఎత్తకుండా.

డైరెక్టర్ గేజీ వైపు చూసి తృప్తిగా తలూపాడు. "మూడు. బాగుంది. మీరేంటి మేడమ్, హెల్మెట్ లేకుండా?"

"తలనొప్పి సార్. కోటు మీద సున్నం పడింది, ఉండండి." ఆమె దగ్గరగా వెళ్లి అతని కోటు దులిపింది. డైరెక్టర్‌కి ఆ దులపడం నచ్చినట్టుంది. ఇంకో పది నిమిషాలు కబుర్లు చెప్పి గానీ కదల్లేదు.

అతను వెళ్లాక ఆమె గుప్పిట తెరిచింది. అరచేతిలో బోను తాళంచెవి.

"స్ప్రింగుకి రంగు వేయించింది నేనే," అంది, చాలా మామూలుగా. "వాళ్లు అడిగారు. కాదంటే వేరేవాళ్లతో వేయించేవాళ్లు, అప్పుడది ఆరిపోయేది. నేను తొందరగా ఆరని రంగు వేయించాను. మిమ్మల్నే పంపమని పెద్దాయనకి కబురు పెట్టాను. ఇంకెవరైనా అయితే కళ్లతో చూసి వదిలేస్తారు. మీరు తడిమి చూస్తారు."

స్పానర్ హెల్మెట్ ఎత్తి ఎర్ర స్ప్రింగుని పక్కన పెట్టాడు. సంచిలోంచి అసలైన పసుపు స్ప్రింగు తీసి బిగించాడు. తన సొంత గేజీ తగిలించాడు. పైపులో నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ కొంచెం వదిలి, గొలుసు విప్పి, చక్రాన్ని మెల్లగా తిప్పాడు. పైపులు దగ్గుతూ నిద్రలేచాయి.

పది యాభై. స్క్రూ పావు చుట్టు కుడికి తిప్పాడు. ముల్లు ఒకటికి వచ్చింది.

"తొందరగా కానివ్వండి," అంది.

"దీనికి తొందర తెలీదు. పావు చుట్టు తిప్పాలి. అది సర్దుకునేదాకా ఆగాలి. మళ్లీ పావు చుట్టు."

పది యాభై ఐదు. కిటికీలోంచి డైరెక్టర్ కనిపించాడు. గేటు వైపు నడుస్తున్నాడు. నడక కాసేపటికి పరుగైంది. గేటు దగ్గర పార్సిల్ మోస్తున్న ఇద్దరు ఆ పార్సిల్ కింద పెట్టి అతన్ని చెరో చేయీ పట్టుకున్నారు.

"నువ్వు వెళ్లవా?" అడిగాడు స్పానర్. "పైపు పగిలితే ఈ గదే ముందు పోతుంది."

"మీ గేజీ ఎంత చూపిస్తోందో చూసుకోండి ముందు."

ముల్లు మూడు దాటుతోంది. మూడున్నర. నాలుగు. స్క్రూ వదులు చేసినా ఆగలేదు. వాల్వ్ సీటు మీద తుప్పు పెచ్చేదో ఇరుక్కుంది. మూతపడాల్సిన చోట సందు మిగిలి ఆవిరి జారిపోతోంది. పది యాభై ఎనిమిది.

"నిచ్చెనెక్కు. బోను తాళం తీసి ఆ బోల్టు విప్పు," స్పానర్ పెద్ద రెంచి ఆమె చేతిలో పెట్టాడు. తీసుకుని తలుపు దాటిపోతే ఆపే టైము అతనికి లేదు.

ఆమె హీల్స్ విప్పి పక్కన పెట్టి ఎక్కింది.

అతను డ్రెయిన్ పూర్తిగా తెరిచాడు. ఆవిరి గది నిండా బుసకొట్టింది. ఆ దూకుడుకి పెచ్చు కొట్టుకుపోవాలి. ఐదు అంకెలు లెక్కపెట్టి మూశాడు. పైన బోల్టు ఊడి నేల మీద పడింది. సేఫ్టీ వాల్వ్ చెవులు చిల్లులుపడేలా అరిచి, మిగిలిన ప్రెషర్‌ని కక్కేసి, టక్కున మూసుకుంది. ముల్లు నాలుగున్నర నుంచి జారి మూడు మీద ఆగింది. స్క్రూ ఇక కదలకుండా లాక్ నట్ బిగించాడు.

పైన టైమర్ టిక్కుమంది. పదకొండు. లైను తెరుచుకుంది. ముల్లు రెండున్నరకి కుంగి, ఆలోచించుకుని, మెల్లగా పైకి వచ్చి నిలబడింది. పై అంతస్తులో ఎవరివో అడుగుల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

ఆమె నిచ్చెన చివరి మెట్టు మీద కూర్చుండిపోయింది. లిప్‌స్టిక్ చెమటకి కరిగిపోయింది. "నన్ను కూడా పట్టుకెళ్తారా?"

"సేఫ్టీ ఆఫీసర్ నిచ్చెనెక్కి సహకరించారని రిపోర్టులో రాస్తా. మిగతాది పెద్దాయన ఇష్టం." ఆమె హీల్స్ తెచ్చి ముందు పెట్టాడు. "నీ చెయ్యి కాలింది. నీళ్ల కింద పెట్టు."

గోడ మీది ఫోన్ మోగింది. ల్యాబ్ నుంచి. సైంటిస్టు పెద్దావిడ గొంతు కరుగ్గా ఉంది.

"ఎవరయ్యా కింద మెకానిక్? మూడడిగితే రెండూ పాయింట్ తొమ్మిది వస్తోంది. పని తెలిసినవాళ్లని పంపమన్నానా లేదా?"

"పొరపాటైందమ్మా. ఒక్క నిమిషం," అన్నాడు స్పానర్. ఫోన్ పెట్టేసి, లాక్ నట్ వదులు చేసి, స్క్రూ రవ్వంత తిప్పాడు. బతికున్నవాళ్లతో ఇదే చిక్కు. ఫిర్యాదు చేస్తారు.