ఆపరేషన్ పైకప్పు

జనగామ స్టేషన్ ఎదుట మొబైల్ రిపేరు షాపు. షటర్ సగం దించి ఉంది. వెనక గదిలో చీఫ్ చందూలాల్ ఒక ఫొటోను బల్ల మీద పడేశాడు.

"సౌందర్య. భూపాలపల్లి బొగ్గుబాయిలో సేఫ్టీ ఇన్‌స్ట్రక్టర్. తప్పుడు జవాబులు ధీమాగా చెప్తోందని ఓ విదేశీ చాట్‌బాట్‌తో ఏడాది కొట్లాడింది. చివరికి దానికి కొత్త పద్ధతి నేర్పింది. ఆ పద్ధతి మా ల్యాబ్‌లో పుట్టిందంటూ చాట్‌బాట్ కంపెనీ ఇప్పుడు పేటెంట్ అడుగుతోంది. ఇవాళే ఆన్‌లైన్ విచారణ. ఆమె చాట్‌లు చెరిపేయడానికి నైట్‌జార్ ముఠాను దింపారు."

"చాట్‌బాట్‌ను వాడిన ప్రతివాడికీ పేరు కావాలంటే ఎట్ల సార్? నేనూ రోజూ అడుగుత," అన్నాడు ఏజెంట్ సాంసన్.

"నీ పని వాదించుడు కాదు. కేసముద్రంలో చుట్టాలింట్ల దాక్కుంది. విచారణకు భూపాలపల్లిల తన క్వార్టర్ నుంచే హాజరవుతది. అక్కడికి చేర్చు, అందాక ఆమె ఫోన్ కాపాడు. మన డబుల్ ఏజెంట్ సంధ్య తోడుంటది."

కేసముద్రం మార్కెట్ యార్డులోకి సాంసన్ పత్తి వ్యాపారి వేషంలో దిగాడు. భుజాన తువ్వాల, మూతికి అతికించిన మీసం. లారీల పక్కన తలెత్తుకు నిలబడిన, ఫొటోలోని ఆడమనిషిని సమీపించాడు.

"పత్తిల తేమ ఎంత అక్కా?"

కోడ్ ప్రకారం ఆమె 'పన్నెండు' అనాలి.

"పన్నెండు. నీ మీసం ఊడేటట్టున్నది, జర సూస్కో."

యార్డు గేటు దగ్గర సంధ్య వాళ్లిద్దరినీ ఎక్కించుకుంది. నల్ల కళ్లద్దాలు, పట్టుచీర, ఎర్ర కారు. ఆమె ఆకర్షణ గురించి డిపార్ట్‌మెంట్‌లో చెప్పుకున్నదంతా నిజమే. కారు భూపాలపల్లి దారి పట్టాక, చీఫ్‌ను అడిగిన సందేహమే సాంసన్ సౌందర్య ముందూ బయటపెట్టాడు.

సౌందర్య కస్సుమంది. "నువ్వు అడుగుతవ్ తమ్మీ. నేను చెప్పిన! బాయిల అడుగేసే ముందల కట్టెతోటి పైకప్పు కొట్టి చూస్తరు. ఖంగుమంటే గట్టి. డొల్ల మోగితే ముందుగాల 'ఆగన్నా' అని అరుస్తరు, కారణం తర్వాత చెప్తరు. కారణం చెప్పేలోపు రాయి పడ్తది కదా! జవాబుల ప్రతి మెట్టునూ గట్లనే కొట్టి చూడుమన్న. నేర్చుకున్నది. ఇప్పుడు నా పేరే లేదంటే ఊకుంటనా?"

సాంసన్‌కు కంపెనీ మీద మొదటిసారి కోపం పుట్టింది. ఇంత పచ్చిగా దోచుకుంటారా!

ఘనపూర్ దగ్గర సంధ్య కారాపి, లిప్‌స్టిక్ తీసి సౌందర్య ఫోన్ వైపు తిప్పింది. క్లిక్. సౌందర్య చేతిలో ఫోన్ తెల్లబోయింది. సాంసన్ సంధ్య మణికట్టు పట్టుకునేసరికే ఫోన్‌తో పాటు చాట్‌లున్న అకౌంట్ కూడా ఖాళీ అయిపోయింది.

"సారీ సాంసన్. నేనెప్పుడూ నైట్‌జార్ మనిషినే," అని ఆమె తీయగా నవ్వింది.

ఆమెను ఘనపూర్ పోలీసులకు అప్పగించి, తానే స్టీరింగ్ పట్టాడు.

భూపాలపల్లిలో సౌందర్య క్వార్టర్. ల్యాప్‌టాప్‌లో విచారణ ముగింపుకొచ్చింది. ఆధారం లేదని కంపెనీ లాయరు హాయిగా వెనక్కి వాలాడు. తీర్పు చదవడానికి ఛైర్‌పర్సన్ మేడం కళ్లజోడు పెట్టుకుంది.

"మేడం, వాళ్ల మెషీన్‌నే అడగండి!" సాంసన్ బల్ల గుద్దాడు. "ఎక్కడో తప్పు దాచిన లెక్క ఒకటి ఇవ్వండి. ఏం చేస్తుందో చూద్దాం."

లాయరు అభ్యంతరం చెప్పబోయాడు. మేడం వినలేదు, లెక్క తానే ఇచ్చింది. మెషీన్ దర్జాగా ఇంగ్లీషులో మొదలుపెట్టింది. మొదటి మెట్టు సరే. రెండోదీ సరే. మూడో మెట్టు మీద ఆగింది.

"ఆగన్నా!"

ఆ తర్వాతే తప్పేమిటో ఇంగ్లీషులో వివరించింది. కంపెనీవాళ్లు సౌందర్య మాటలన్నీ గంపగుత్తగా దానికి మేపారు. మధ్యలో వచ్చే ఆ కేకను ఏదో ఊతపదమనుకుని వదిలేశారు, అర్థం అడిగిన పాపాన పోలేదు.

సౌందర్య అర్థం చెప్పింది. "ఆడోళ్లనైనా గట్లనే పిలుస్తం మేడం. బాయిల అందరూ అన్నలే."

లాయరు లేచాడు. "అయితే ఈ ఆలోచన ఈమెదీ కాదు, కార్మికులది!"

"నిజమే!" సౌందర్య గొంతు క్వార్టర్ల వరసంతా వినిపించింది. "నాకు మా నాయిన పోశాలు నేర్పిండు. ఆయనకు బాయోళ్లు నేర్పిన్రు. మెషీన్‌కు నేను నేర్పిన. అందరి పేర్లూ రాయున్రి. మీ పేరొక్కటే వద్దు!"

పేటెంట్ తిరస్కరించారు.

సాంసన్ ఊపిరి పీల్చుకునేలోపు చందూలాల్ ఫోన్.

"శభాష్! పైకి రిపోర్టు పంపుతున్నా. మెషీన్‌నే అడిగించడం నా ఐడియా అని రాశా. ఏమనుకోవుగా?"

"సిగ్నల్ లేదు సార్," అంటూ సాంసన్ నిండు సిగ్నల్లో ఫోన్ కట్ చేశాడు.