తలకిందులైన జాతర

గియోన్ జాతర ముందురోజు క్యోటోలో బట్టల వర్తకుల వీధి వీధంతా తలుపులు బార్లా తీసేస్తుంది. చెక్క చట్రాల మీద బొమ్మలు వేసిన తాతలనాటి మడత తెరలు ముందుగదిలో నిలబెట్టి వచ్చేపోయేవాళ్లకి చూపించుకోకపోతే ఆ వర్తకులకి ముద్ద దిగదు.

ఆ ఏడు ఇతో అనే ఆవిడ ఇంటి తెర మాత్రం ముందుగదిలో లేదు. ఐదేళ్ల కొడుకు తమేజి జ్వరంతో మూలుగుతూ, "జాతర చూపించవే అమ్మా" అని ఒకటే ఏడుపు. మొగుడు వైద్యుడి కోసం పరిగెత్తాడు. ఇతో ఆ ఆరు రెక్కల తెరని లోపలికి మోసుకొచ్చి పిల్లాడి పక్క దగ్గర నిలబెట్టింది. దాని మీద బంగారు మబ్బుల కింద రథం, పగ్గం లాగే జనం, డప్పులవాళ్లు. పిల్లాడి మొహం వెలిగింది.

అత్తగారు ఓకానే గుమ్మంలో నిలబడి గొణిగింది.

"సరిగ్గా పెట్టావా? తెర తలకిందులుగా పెట్టేది శవం దగ్గరేనే తల్లీ."

"ఆమాత్రం తెలీనిదాన్నా అత్తయ్యా! సందెవేళ ఆ పాడు మాటలేంటి?"

ఇతోకి ఒళ్లు మండిపోయింది. ముసలావిడ మూతి ముడుచుకుని ముందుగదిలోకి వెళ్లిపోయింది.

బయట ముసురు. గదిలో కషాయం వాసన, తడిసిన చాపల వాసన. వీధి చివర డప్పులు మొదలయ్యాయి. ఇతో వంటింట్లోకి వెళ్లి నీళ్ల గిన్నెతో తిరిగొచ్చింది.

రథం చక్రాలు పైకి ఉన్నాయి. మనుషుల కాళ్లు పైకి ఉన్నాయి...

గిన్నె వదిలేసి చట్రం పట్టుకుంది. తిప్పబోయి ఆగింది. అరిగిపోయిన కింది అంచు నేలకే ఆని ఉంది. తెర తిరగలేదు. బొమ్మలే తిరిగాయి.

"అమ్మా..." తమేజి గొంతు పీలగా వినిపించింది. "వాళ్లు బాగానే ఉన్నారు. మనమే తలకిందులుగా ఉన్నాం."

"ఊరుకో నాన్నా..."

"పడిపోతున్నానే... పట్టుకో..."

వాడి జుట్టు పైకప్పు వైపు వేలాడుతోంది. దుప్పటి అంచు మెల్లగా పైకి లేస్తోంది.

ఇతోకి పై ప్రాణాలు పైనే పోయాయి. బొమ్మలు నిలబడితే బిడ్డ నిలబడతాడు... అదొక్కటే తోచింది. బలమంతా కూడదీసుకుని తెరని ఎత్తి తిప్పేసింది. మనుషుల కాళ్లు కిందికి వచ్చాయి. వాడి జుట్టు దిండు మీద వాలింది.

"హమ్మయ్య" అనుకుంది.

డప్పులు ఆగిపోయాయి.

గిన్నె చప్పుడు విని ఓకానే దీపం పట్టుకుని వచ్చింది. తెరని చూసి కొయ్యబారిపోయింది.

"సరిగ్గా ఉన్నదాన్ని... ఎందుకు తిప్పావే?"

ఇతో తల పైకెత్తింది. అరిగిన కింది అంచు పైన ఉంది. శవం దగ్గర పెట్టినట్టే... తన చేతులతోనే. గబుక్కున బిడ్డ గుండె మీద చెయ్యి వేసింది. ఏమీ కదల్లేదు. వాణ్ని ఒళ్లోకి లాక్కుని పిచ్చిదానిలా ఊపింది. ఎంత ఊపినా ఊపిరి లేదు.

ఓకానే వాళ్ల వైపు చూడటం లేదు. దీపం పైకెత్తింది.

పైకప్పు చెక్కల మీద చిన్న చిన్న తడి పాదాల గుర్తులు. సరిగ్గా పిల్లాడి పక్కకి పైన మొదలై, వీధి వైపు వెళ్లాయి.

వాటి పక్కనే ఇంకెవరివో, పెద్ద పాదాలు కూడా ఉన్నాయి.