మడిపెట్టెలో గయ్యాళి

"బొమ్మలేమీ లేవప్పా ఉచ్చీరప్పా! ఆరేండ్ల కిందటే నీళ్ళ పొయ్యిలోకి పోయినాయి. ఊరికే తిరగబాక, ఇంటికి పో!"

భర్త మాట చెవిన పడగానే వంటింట్లో అంబాబాయి చేతిలోని గరిట ఆగిపోయింది. అయ్యో దేవుడా... ఈ రోజు రానే వచ్చిందా!

భీమసేనరావు ఆదోని బడిలో డ్రాయింగు మాస్టరు. ఒకప్పుడు ఆయన కార్టూన్లు పడని వారపత్రిక ఉండేది కాదు. అచ్చయ్యాక అసలు బొమ్మలను పోస్టులో తిరిగి తెప్పించుకుని దాచుకునేవాడు. ఉచ్చీరప్ప ఆయన దగ్గర గీత దిద్దుకున్నవాడే, ఇప్పుడు ఎమ్మిగనూరులో టీచరు. ఈ పడమటి సీమలో కార్టూన్లు గీసినవాళ్ళ బొమ్మలన్నీ పోగుచేసి పుస్తకం వేయాలని హొళగుంద దాకా తిరుగుతున్నాడు.

"పత్రికలన్నీ పొట్లాలకు పోయినాయి సారూ! మీ బొమ్మలు గూడా లేకుంటే, మన తట్టు కార్టూన్లు గీసినోళ్ళు ఉండిరని రేపు ఎవరు నమ్ముతారు?" అన్నాడు ఉచ్చీరప్ప.

అంబాబాయి గుండె చెరువైంది. తప్పు తనది కాదూ! ఆ కార్టూన్లలో ఒక గయ్యాళి భార్య ఉండేది. ఇంత లావు ముక్కుపుడక, నడుం మీద చెయ్యి, గాల్లోకి లేచిన గరిట! అచ్చం తనే! 1978లో మరిది కూతురి పెళ్ళి పంక్తిలో పాయసం వడ్డించబోతే, "గరిట వచ్చె, తప్పుకోండప్పా!" అన్నారెవరో. ఒకటే నవ్వులు! ఇంటికొచ్చి భోరుమంది. "నన్ను ఊరికి నవ్వులాట చేసినారు కదండీ!" అంది. ఆయన ముఖం పాలిపోయింది. "అన్నీ తీసి పొయ్యిలో వెయ్యి" అన్నాడు. అంతే... మళ్ళీ పెన్ను పట్టలేదు. ఇంట్లో నవ్వన్నదే లేకుండా పోయింది.

ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు! ఊరు ఆ గరిటను మరిచిపోయింది. పుస్తకానికెక్కితే మనవరాళ్ళ కాలం దాకా నవ్వుతారు. తలుపు సందులోంచి చూసింది. ఆయన తలవంచుకుని కూర్చున్నాడు. చూపుడువేలు మాత్రం మోకాలి మీద ఏవో గీతలు గీస్తోంది, ఆయనకే తెలియకుండా...

"ఉచ్చీరప్పా! లోపలికి రాప్పా. అటక మీద నా మడిపెట్టె ఉంది, దించు."

భీమసేనరావు ఉలిక్కిపడ్డాడు. పూజకు కట్టే పట్టుచీరల పెట్టె అది. ముప్ఫై యేళ్ళ కాపురంలో ఆయనే ముట్టుకోలేదు! "అంబా... మడి..."

"తడిపి ఆరేసుకుంటే అదే వస్తుంది లేండి!"

మూత తీసింది. చీర మడత మడతకీ ఒక కార్టూను! ఒక్కటీ నలగలేదు.

"పోస్టు కవర్లే పొయ్యిలో వేసినాను. వీటిని వెయ్యడానికి చేతులు రాలేదండీ! చెప్తే నిజంగానే కాలుస్తారని భయం... ఈ పెట్టె జోలికైతే ఎవరూ రారు కదా!"

ఉచ్చీరప్ప కళ్ళు తుడుచుకుని, తటపటాయించాడు. "అమ్మా... మీకు బాధయితే గరిట బొమ్మలు పక్కన పెడతా."

"వద్దప్పా. ఆమెను తీసేస్తే మీ సారు యాడ మిగుల్తాడు? అన్నీ తీసుకుపో."

భీమసేనరావు చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. "నిన్ను నవ్వులపాలు చెయ్యాలని కాదు అంబా... ఎవరిని గీయబోయినా నువ్వే వచ్చేదానివి!"

ఆమె పెట్టె అడుగు నుంచి ఆయన పాత పెన్ను తీసి చేతిలో పెట్టింది. సిరా పోసుకుని, ఉచ్చీరప్ప తెచ్చిన కాగితం మీద ఆయన గీయసాగాడు. నడుం మీద చెయ్యి... గరిట... అంబాబాయి కొంగుతో కళ్ళొత్తుకుంటూ భుజం మీదుగా తొంగిచూసింది.

"ముక్కుపుడక ఏదండీ? అది లేకుంటే నేనని ఎవరు గుర్తుపడ్తారు!"