గుండీల డబ్బాలో ఐదు తూటాలు

శనివారం పొద్దున కోడలి చేతికున్న ప్లాస్టర్ చూసి వెర్లీన్ గ్రేవీ కలపడం మరిచిపోయింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, సరిగ్గా ఆ చోటే. కూరగాయలు తరిగితే అక్కడ తెగదు, పెనం తగిలితే అక్కడ కాలదు. అక్కడ గాయం చేసేదేమిటో ఆ ఇంట్లో వెర్లీన్‌కి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

"అదేంటమ్మాయ్, చేతికి?"

"ఏం లేదత్తయ్యా. కారు తలుపు పడింది."

"కారు తలుపుకి పళ్ళు మొలిచాయా?"

మార్నీ నవ్వబోయి ఆగిపోయింది. కప్పులో కాఫీ పోసుకుని కిటికీ వైపు తిరిగింది.

మార్నీది ఇళ్ళూ పొలాలూ అమ్మిపెట్టే పని. కొండల్లో ఎక్కడో విసిరేసినట్టుండే ఖాళీ ఇంటికి ఒక్కతే వెళ్ళి, తాళం తీసి, ముక్కూ మొహం తెలియనివాళ్ళకు గదులన్నీ చూపించాలి. నెల కిందట ఒకడు ఇల్లు చూడ్డానికని వచ్చాడు. లోపలికి అడుగుపెడుతూనే వీధి తలుపు గడియ వేసి, "మీ ఆయన ఎన్నింటికొస్తాడు?" అని అడిగాడు. మార్నీ వంటింటి తలుపులోంచి బయటపడి, జోళ్ళు చేత పట్టుకుని, కంకర రోడ్డు మీద పావు మైలు పరిగెత్తింది. అరికాళ్ళ గాయాలు వారంలో మానాయి. భయం మానలేదు. దానికంటే పెద్ద భయం ఆమె మొగుడు వేడ్‌కి పట్టుకుంది.

కరెంటు స్తంభాలెక్కే మనిషి వేడ్. పిడుగులకు బెదరనివాడు ఆ మర్నాడే తుపాకుల దుకాణానికి పరిగెత్తి, అరచేతిలో ఇమిడే పిస్తోలు కొనుక్కొచ్చాడు. గులాబీరంగు పిడి, దానికో రిబ్బను. "చొక్కా కింద ఉన్నట్టే తెలీదు!" అని మురిసిపోతూ పెళ్ళాం చేతిలో పెట్టాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ పిట్ట కొంచెం, కూత ఘనం. ఇంటి వెనక పచ్చికలో నాలుగుసార్లు పేల్చడం నేర్పించాడు, నాలుగుసార్లూ మార్నీ మొహం పాలిపోయి తిరిగొచ్చింది. ఎలా ఉందంటే "బాగానే ఉంది" అంది. ఆ "బాగానే ఉంది"లోని తడి వెర్లీన్‌కి మాత్రమే వినబడింది.

వేడ్ ఈల వేసుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. పొయ్యిలోంచి బిస్కెట్ల పళ్ళెం తీద్దామని గుడ్డ కోసం సొరుగు లాగాడు. ఈల ఆగిపోయింది.

"మార్నీ! ఇది ఇక్కడెందుకుంది?"

తువ్వాళ్ళ కింద గులాబీ పిడి.

"తువ్వాళ్ళకి కాపలా," అంది మార్నీ.

"నవ్వులాటగా ఉందా నీకు? నిన్న వాగు పక్కనున్న ఇల్లు చూపించొచ్చావు. ఒక్కదానివే! ఇదేమో తువ్వాళ్ళ కిందుంది!"

"మొన్నా ఉంది. పోయిన వారమంతా కూడా ఉంది."

"అంటే నాతో అబద్ధం చెప్పావన్నమాట. వెంట ఉందా అంటే ఉందన్నావు. నెల రోజుల్నించీ నాకు నిద్దర్లేదే! స్తంభం మీదుండగా ఫోను మోగితే పని వదిలేసి చూసుకుంటున్నాను. నువ్వు ఏ ఇంట్లో ఉన్నావో, తలుపు ఎవడు గడియేశాడో అని..."

"తెలుసు. అందుకే చెప్పలేకపోయాను." మార్నీ కప్పు కింద పెట్టింది. "నాకది చేతకావడం లేదు వేడ్. దాని పైభాగం వెనక్కి లాగాలంటే నా రెండు చేతుల బలం చాలడం లేదు. పేలితే చేతిని కొరుకుతుంది, మోచేతి దాకా జివ్వుమంటుంది. పేలకముందే నేను కళ్ళు మూసేసుకుంటున్నాను. కళ్ళు మూసుకునేదాని చేతికి తుపాకీ ఇచ్చి ఏం బావుకుంటావు?"

"ఇంతుంది అది! దానికి భయమా? అలవాటు చేసుకుంటే అదే వస్తుంది."

"రాదు."

"ఎందుకు రాదు?" తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం వేడ్. ఆ మొండితనం తండ్రి పోలిక. "అదిగో, మా అమ్మని అడుగు! ఇరవై రెండేళ్ళు తెల్లారగట్ల లేచి కొండలన్నీ తిరిగి పేపర్లు వేసింది. పక్క సీట్లో పేపర్ల కట్ట, నడుముకి నాన్న కొనిచ్చిన రివాల్వరు. అదీ ఇంతే ఉండేది. ఒక్కనాడైనా కిక్కురుమందా?"

మార్నీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీ అమ్మకున్న గుండె నాకు లేదు. ఏం చెయ్యమంటావు? నేను పిరికిదాన్ని. ఒప్పుకుంటున్నాను."

వెర్లీన్ పొయ్యి మంట తగ్గించింది. పొగడ్త కూడా వాత పెడుతుందని ఆమెకు డెబ్భై మూడో ఏట తెలిసింది. ఎందుకంటే ఇరవై రెండేళ్ళూ ఆమె నడుముకున్నది ఖాళీ రివాల్వరు. ఆ సంగతి మొగుడు హాలిస్‌కి చెప్పలేదు. అతను పోయి ఆరేళ్ళయింది, ఇక చెప్పనక్కర్లేదని ఊరుకుంది. ఇప్పుడు చెబితే పోయినవాడి ముందు దొంగలా నిలబడాలి. చెప్పకపోతే ఈ పిల్ల తనను తాను పిరికిదాననుకుంటూ రేపు మరో ఖాళీ ఇంటి తాళం తీస్తుంది.

ఆమె తన గదిలోకి వెళ్ళి గుండీల డబ్బా తెచ్చింది. మూత తీసి బల్ల మీద బోర్లించింది. చొక్కా గుండీలూ, కోటు గుండీలూ, వాటి మధ్య నల్లబడిపోయిన ఐదు తూటాలు దొర్లాయి.

"ఏంటమ్మా ఇవి?"

"మీ నాన్న కొనిచ్చిన రివాల్వరులోవి. అది నేను రెండుసార్లే పేల్చాను. రెండోసారికి నా చెయ్యి ఇదిగో, ఈ పిల్ల చెయ్యిలాగే అయింది. మర్నాడే తూటాలు తీసి ఇందులో పడేశాను."

వేడ్ ఒక తూటా తీసుకుని వేళ్ళ మధ్య తిప్పాడు.

"రోజూ నేను బయల్దేరేటప్పుడు మీ నాన్న మంచం మీంచే 'ఉందా, వెర్లీన్?' అనేవాడు. 'ఉంది' అనేదాన్ని. తుపాకీ ఉంది కదా, అబద్ధమేం కాదు! ఆయన మళ్ళీ నిద్రపోయేవాడు. రంపపు మిల్లులో పన్నెండు గంటల పని చేసే మనిషి. ఆ నిద్ర పాడుచెయ్యడం నాకిష్టం లేకపోయింది. ఆయన భయాన్ని నడుముకి కట్టుకుని తిరిగానురా నేను."

"మరి ఏదైనా జరిగుంటేనో?"

"జరిగింది." వెర్లీన్ కుర్చీలో కూర్చుంది. "ఓసారి వంతెన దగ్గర ఒకడు నా కారుకి అడ్డంగా నిలబడ్డాడు. అద్దం మీద దబదబా బాదాడు. ఖాళీ తుపాకీ మీద చెయ్యేసుకుని కూచున్నాను. పాపం, వాడి పెళ్ళానికి నొప్పులొస్తున్నాయి, ఆసుపత్రికి దారి అడగడానికొచ్చాడు. కానీ ఆ రెండు నిమిషాలూ నాకు తెలీదుగా! ఇంటికొచ్చి నీకూ మీ నాన్నకీ గుడ్లు వేయించాను. నువ్వు రెండు తిని ఇంకోటి అడిగావు. అప్పుడు కూడా చెప్పలేదు."

మార్నీ వచ్చి అత్త చెయ్యి పట్టుకుంది. వేడ్ వసారాలోకి వెళ్ళిపోయాడు. అతని భుజాలు కదలడం కిటికీలోంచి ఇద్దరికీ కనబడింది, ఇద్దరూ చూడనట్టే ఊరుకున్నారు. బిస్కెట్లు అడుగున మాడిన వాసన వచ్చేదాకా ఎవరూ పొయ్యి వైపు పోలేదు.

కాసేపటికి అతను మొహం కడుక్కుని వచ్చాడు. గులాబీ పిస్తోలు ఖాళీ చేసి, ఒకటికి రెండుసార్లు చూసుకుని, పెట్టెలో పెట్టాడు.

"ఓడెల్ బాబాయి తుపాకుల కొట్టు తీసుంటాడు," అన్నాడు పెళ్ళాంతో. "నీకు నచ్చింది నువ్వే చూసుకో. ఏదీ నచ్చకపోతే ఉత్త చేతుల్తో వచ్చేద్దాం."

వెర్లీన్ కూడా వాళ్ళ వెంట కారెక్కింది. ఓడెల్ హాలిస్‌కి చిన్ననాటి స్నేహితుడు. గాజు బల్ల వెనక నలభై ఏళ్ళుగా నిలబడి నిలబడి వంగిపోయాడు. వేడ్‌ని చూసి, "ఈసారేం కావాలిరా?" అన్నాడు.

"నన్నడక్కు బాబాయ్. తననడుగు." వేడ్ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

ఓడెల్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఈ మాట ఒక మొగుడి నోట వినడానికి నేను ముసలాణ్ణి కావాల్సొచ్చింది. రామ్మా, ముందు నీ చెయ్యి చూపించు."

ఒక్కొక్కటీ తెరిచి, ఖాళీగా ఉందని చూపించి, ఆమెకిచ్చాడు. ఆమె కూడా తెరిచి చూసుకునేది. మొదటిది లావు, వేలు ట్రిగ్గర్ దాకా అందలేదు. రెండోది మళ్ళీ బొమ్మలాంటిదే, ముట్టుకోగానే తిరిగిచ్చేసింది. "అది తేలిక మార్నీ..." అనబోయి వేడ్ నాలుక కరుచుకున్నాడు. నాలుగోది నల్లగా, మొరటుగా, బరువుగా ఉంది. మార్నీ దాని పైభాగం లాగింది. మూత తీసినంత తేలికగా వెనక్కి వచ్చింది. ఆమె ఆశ్చర్యపోయి మళ్ళీ లాగింది.

"చిన్నదైతే దెబ్బా చిన్నదే అనుకుంటారు," అన్నాడు ఓడెల్. "అది తిరకాసు. బరువున్నదైతే ఆ దెబ్బ సగం తనే మింగేస్తుంది. కాకపోతే నడుముకి గట్టి బెల్టు కావాలి, పైన వదులు చొక్కా కావాలి. ఆ కష్టం నీది."

"ఆ కష్టం పడతాను," అంది మార్నీ.

కొట్టు వెనక ఇసుకగట్టు దగ్గర వేడ్ ఆమెను పేల్చి చూడమన్నాడు. ముందు ఒకటి, తర్వాత నాలుగు. చెవులకు మూతలు తగిలించుకున్న వెర్లీన్ గురి వైపు చూడలేదు, కోడలి కళ్ళ వైపే చూసింది. అవి తెరిచే ఉన్నాయి.

లోపలికొచ్చాక వెర్లీన్ గాజు బల్ల మీద చెయ్యి ఆనించి అడిగింది. "ఓడెల్, హాలిస్ నాకోసం కొన్నది గుర్తుందా? ఆడదానికి బొమ్మలాంటిది చాల్లే అనుకున్నాడు కదూ?"

"అదేం మాట వదినా! గంటసేపు నన్ను చంపుకు తిన్నాడు. కొట్లో అన్నిటికంటే తేలికైంది ఇమ్మన్నాడు. పేపర్లు మడిచి మడిచి నీ మణికట్లు వాచిపోతున్నాయని, ఔన్సు బరువు కూడా ఎక్కువ మొయ్యకూడదని. తేలికైంది గట్టిగా తంతుందిరా, ఆవిణ్ణి తీసుకురా అన్నాను. చెప్పకుండా ఇచ్చి సంతోషపెట్టాలన్నాడు. నేనింకా గట్టిగా చెప్పాల్సింది."

వెర్లీన్ ఇన్నాళ్ళూ ఆ రివాల్వరు హాలిస్ అజాగ్రత్త అనుకుంది. అది అతని జాగ్రత్త. నొప్పి పుట్టకూడదని ఏరి ఏరి తెచ్చిందే నొప్పి పుట్టించింది, ఆ మాట ఆమె ఒక్క పూట చెప్పి ఉంటే మర్నాడే మార్చుకొచ్చేవాడు. కొట్లో అందరి ముందూ ఆమె కళ్ళు ధారలు కట్టాయి. మార్నీ ఆమెను భుజం పట్టుకుని కారు దాకా నడిపించింది. వేడ్ వెనకాలే కొత్త పెట్టె మోసుకుంటూ వచ్చాడు.

రెండు వారాలు మార్నీ ఎవరి తొందరా లేకుండా సాధన చేసింది. అన్నాళ్ళూ ఆమె ఇళ్ళు చూపిస్తుంటే, సెలవు దొరికినప్పుడల్లా వేడ్ బయట కారులో కూర్చున్నాడు. మూడో సోమవారం మళ్ళీ ఒక్కతే బయల్దేరింది. వదులు చొక్కా, గట్టి బెల్టు. కారు తాళాలు తీసుకుంది.

వేడ్ బల్ల దగ్గర నుంచి తలెత్తాడు. "వెంట ఉం..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

పొయ్యి దగ్గరున్న వెర్లీన్ గరిటె ఆగింది.

"చెయ్యి నొప్పిగా ఉందా?" అని అడిగాడు వేడ్.

మార్నీ చెయ్యి చాపి చూపించింది. ప్లాస్టర్ లేదు, మచ్చ కూడా మాసిపోతోంది. "లేదు. నడుం మాత్రం కొంచెం లాగుతోంది. సాయంత్రం బెల్టు మార్చుకొస్తా."

"సరే. జాగ్రత్త."

కారు శబ్దం మలుపు తిరిగేదాకా వెర్లీన్ వెనక్కి తిరగలేదు. కళ్ళు తుడుచుకుని, గోడకున్న హాలిస్ ఫొటో వైపు చూసింది.

"ఈ మాట నువ్వు అడగలేదయ్యా," అంది మెల్లగా. "నేనూ చెప్పలేదు."

తర్వాత కొడుకు పళ్ళెంలో ఇంకో గుడ్డు వేసింది.