గడప ముందు తెల్లగీత

"మా పాప కాళ్లు తీసేయడానికి వచ్చారా?" అంది జాంబెతా మేడమెట్ల మీద నుంచి.

వాకిట్లో, నీళ్లని జోరు ధారగా చిమ్మే ప్రెషర్ వాషర్ దింపుతున్న మనిషి తలెత్తి చూశాడు.

"నా భయం కూడా అదేనండీ."

జాంబెతా రెండు మెట్లు దిగింది. ఆమె భయాలకి నవ్వేవాళ్లే తప్ప, నిజమేనని ఒప్పుకున్నవాళ్లు గ్రీసులోని ఈ పారోస్ దీవిలో ఇంతవరకు లేరు.

విడాకులయ్యాక నాలుగేళ్ల కూతురు రినియోని తీసుకుని పుట్టింటికి వచ్చేసిందామె. చలికాలపు వానలకి వాకిట్లో పలకరాళ్లు పాచి పట్టాయి. పోయిన వారం రినియో జారిపడి గడ్డం చీరుకుపోయింది. అందుకే జాంబెతా తల్లి కాలిరోయి, ఆమెతో ఒక్క మాటైనా అనకుండా, పక్క ఊరి యాకోవోస్‌ని పిలిపించింది.

అక్కడితో ఆగిందా? ఈస్టర్‌కి రాళ్ల సందుల్లో తెల్లసున్నం గీతలు గీయడం ఆ దీవిలో ఆనవాయితీ. వీధిలో అందరికంటే ముందు తన వాకిలే మెరవాలని, రాళ్ల సందుల్లో పాచి మీదే సగం దూరం సున్నం గీసేసింది. కడిగితే ఆ తెలుపంతా పోతుందని యాకోవోస్ చెప్పగానే ఆమె మొహం వాడిపోయింది. శనివారం తనే వచ్చి మళ్లీ గీస్తానని మాటిచ్చాడు.

మిగిలిన సున్నంలో కుంచె ముంచి, గడప ముందు లావుపాటి గీత గీశాడు.

"ఈ గీత దాటితే సముద్రం రినియో. నేను పిలిచేదాకా దిగకూడదు."

ఈ ధార చర్మంలోకి దూరిపోతుందనీ, చిన్న గాటేలే అని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందేననీ జాంబెతాకి మెల్లగా చెప్పాడు. లావు బూట్లు, కళ్లద్దాలు, చెవులకి మూతలు పెట్టుకున్నాడు. వైరుని తడి తగలకుండా ఎత్తున వేశాడు. ముందు ఒక మూల రాయి మీద దూరం నుంచి, వెడల్పు ధారతో కొట్టి చూశాడు. దగ్గరగా కొట్టవయ్యా అని కాలిరోయి ఎంత సైగ చేసినా వినలేదు. రాయి పొర లేచిపోతుందట.

పాచి కింద నుంచి బూడిదరంగు రాయి తేటగా బయటపడుతుంటే జాంబెతా చూపు మరల్చలేకపోయింది. వింతేమిటంటే, అతను వాకిలంతా వెనక్కి వెనక్కి నడుస్తూనే కడుగుతున్నాడు. మధ్యలో మంచినీళ్లిస్తూ జాంబెతా, వెనక్కి వెళ్లడం రొయ్యలు కూడా మిమ్మల్ని చూసి నేర్చుకోవాలి అని దెప్పింది. అతను నవ్వి గ్లాసు తిరిగిచ్చాడు.

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని ఆమె లోపలికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి గుమ్మంలో రినియో లేదు.

చేతిలో ఈస్టర్ బిస్కెట్‌తో, ఒట్టి కాళ్లతో, గీత దాటేసి ఉంది.

జాంబెతా ఎంత అరిచినా, చెవులకి మూతలున్న అతనికి వినపడదు. కానీ అప్పటికే మోత ఆగిపోయింది. యాకోవోస్ గొట్టాన్ని గోడవైపు తిప్పి, మిషను ఆపి, ట్రిగ్గర్ నొక్కి లోపల మిగిలిన నీళ్లు వదిలేసి, లాక్ వేసి కింద పెట్టాడు. అప్పుడు చెవుల మూతలు తీసి, పాప ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"సముద్రంలోకి ఎందుకొచ్చావ్?"

"నీకు ఆకలేస్తుందని."

జాంబెతా పరుగున వచ్చి పాపని ఎత్తుకుంది.

"మీరెలా చూశారు?"

"పొద్దుటి నుంచి ఈ గుమ్మం వైపే చూస్తున్నానండీ. అటు తిరిగి కడిగితే పాప కనబడదు కదా."

ఆమె పాపని ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. నాలుగేళ్లుగా ఈ పిల్లని కనిపెట్టుకుని ఉండే కళ్లు లోకంలో తనవి మాత్రమే అనుకుంది.

అన్నమాట ప్రకారం శనివారం అతను కుంచెతో వచ్చాడు. అతనూ, జాంబెతా, రినియో ముగ్గురూ కలిసి గీశారు. రినియో గీతలు వంకర పోయాయి. వీధిలో అన్ని వాకిళ్లూ అప్పటికే తెల్లగా మెరుస్తున్నా కాలిరోయి ఏమీ అనలేదు. రేపటి ఆదివారం ఈస్టర్ గొర్రెమాంసం నలుగురికీ సరిపోతుందని మాత్రం గోడతో చెప్పినట్టు చెప్పి లోపలికి వెళ్లింది.

పనయ్యాక యాకోవోస్ తడిగుడ్డతో గడప ముందు గీత తుడవబోయాడు.

"అది ఉండనీ," అంది జాంబెతా.

"పాప కోసమా?"

"కాదు." ఆమె తలెత్తలేదు. "నువ్వు దాటి వస్తావేమో చూద్దామని."

యాకోవోస్ గీతకి వాకిలి వైపే కూర్చుని, తొందరపడకుండా, బూట్లు విప్పడం మొదలుపెట్టాడు.