భానుప్రకాష్ కుదరదన్న రోజు

చెవి మీద టప్పున ఏదో తగిలింది.

భానుప్రకాష్ ఎగిరిపడ్డాడు. రెండు చేతుల్లో తాడు, నోట్లో విజిల్, నెత్తిన వాన. జగదల్‌పూర్‌లో గోంచా, అంటే జగన్నాథుడి రథాల పండగ. రథం కదులుతోంది, జనం తోసుకొస్తున్నారు. వాళ్లు చక్రాల దగ్గరికి పోకుండా తాడు పట్టుకున్న వాలంటీర్లలో అతనొకడు. చెవి రుద్దుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.

తిరిగి చూస్తే ఒక అమ్మాయి. చేతిలో రంగు కాగితాలు చుట్టిన వెదురు తుప్కీ. గోంచా నాడు ఆ గొట్టంలో పచ్చి కాయలు కూరి, టప్ టప్‌మని పేల్చి రథానికి వందనం చేస్తారు. పేల్చాల్సింది మాత్రం గాల్లోకి.

విజిల్ ఉమ్మేసి, "ఏమండీ, వాలంటీర్ని కొడతారా?" అన్నాడు.

"కొట్టొద్దని రూల్ ఉందా?"

"ఉంది."

"ఏడ రాసుంది? చూపియ్యండి."

చూపించడానికి ఎక్కడా రాసి లేదు.

"నేను గాల్లోకే పేల్చిన. మీ చెవి అడ్డమొచ్చింది," అందా అమ్మాయి. "ఆగండాగండి. మీరు మా అన్న టీమ్‌లో ఆడే భాను కదా? నిన్న ప్రాక్టీస్‌ల అందరు మీ కోసం చూసీ చూసీ ఇంటికి పోయిండ్రంట. ఏడికి పోయిండ్రు?"

నిన్న అతను దల్పత్ సాగర్ చెరువులో గుర్రపుడెక్క పీకుతున్నాడు. దానికీ ఆలస్యంగానే వెళ్లాడు. ఎందుకంటే అంతకుముందు ఎదురింటి పిన్నిగారి మనవరాలికి పుట్టినరోజు కేకు చేస్తున్నాడు.

ఇక్కడ మన భానుప్రకాష్ జబ్బు గురించి చెప్పాలి. ఆ జబ్బు పేరు 'సరే'. కిరండూల్ గనుల టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగాడు, జగదల్‌పూర్‌లో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. కొత్త ఊళ్లో నలుగురూ మంచివాడనుకోవాలని ఎవరేమడిగినా సరే అనేవాడు. వాలీబాల్ ఆడతావా? సరే. చెరువు శుభ్రం చేస్తావా? సరే. ఓవెన్ లేకుండా ప్రెషర్ కుక్కర్‌లో కేకులు చేయడం అతనికి సరదా. అది తెలిసిన దగ్గర్నుంచి వీధిలో ప్రతి పుట్టినరోజుకీ సరే. ఒక్కడే మనిషి, ఎన్ని సరేలు మోస్తాడు? ఎక్కడికెళ్లినా ఆలస్యమే, ఎవరిని చూసినా సారీయే.

ఆ తుప్కీ పిల్ల పేరు ప్రవీణ. వాలీబాల్ టీమ్ కెప్టెన్ హరిబాబుకి చెల్లెలు. వాళ్ల తాత ఎప్పుడో భోపాల్‌పట్నం నుంచి వచ్చి ఇక్కడ బట్టల కొట్టు పెట్టాడు. ఇంట్లో తెలుగు, కొట్లో హిందీ, సంతలో హల్బీ. ఆమె కూడా ఆడేది, అమ్మాయిల టీమ్‌లో సెట్టర్. పండగలకు ఫస్ట్ ఎయిడ్ టెంటులో కట్లు కట్టేది. తీరిక దొరికితే కూర్చుని వెదురు చెక్కి తుప్కీలు చేసేది. ఇన్ని చేసినా ఎక్కడా ఒక్క నిమిషం ఆలస్యం ఉండదు. అదెలాగో భానుకి అర్థమయ్యేది కాదు.

ఒక ఆదివారం చెరువుగట్టు మీద అడిగేశాడు. "మీకు టైం ఎక్కడ దొరుకుతుంది?"

"మూడు పనులకు దొరుకుతది. ముప్పైకి దొరకదు." బురద చేతులు కడుక్కుంటూ అంది. "మీకు కుదరదు అనే మాట రాదా?"

"ఎవరైనా బాధపడతారేమోనని..."

"ఇప్పుడు బాధపడతలేరా? గంటలకొద్దీ ఎదురుచూసి?"

ఇంతలో వాన అందుకుంది. అందరూ పరుగెత్తి ఒకే టార్పాలిన్ పట్టా కిందకి దూరారు. భాను డబ్బాలోంచి కేకు తీశాడు. మధ్యలో ఇంత గుంట పడి ఉంది. సిగ్గుతో మూత పెట్టబోతే ప్రవీణ చేయి అడ్డం పెట్టింది.

"బాగా కుదిరింది. ఆ గుంటల చాయ్ పోసుకొని తినొచ్చు."

పట్టా చూరు నుంచి నీళ్లు కారుతుంటే, తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంటూ, ఆ గుంట కేకుని ఆమె నిజంగానే చాయ్‌లో ముంచుకుని తినేసింది. భాను చూపు తిప్పుకోలేకపోయాడు. ఆమె తలెత్తింది. ఇద్దరూ ఒకేసారి చెరువు వైపు తిరిగి గుర్రపుడెక్క గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

అలా ఏడాది గడిచింది. మీరు పోయి నువ్వు వచ్చింది. ప్రాక్టీస్ అయ్యాక టీమ్ కోసం ప్రవీణ స్టీలు డబ్బాలో మొలకెత్తిన పెసలు తెచ్చేది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మకాయ కలిపి. అందులో ఒక గుప్పెడు భాను వచ్చేదాకా ఆగేది. ఎంత ఆలస్యమైనా ఆగేది. దానర్థం ఏమిటని అడగాలని అతనికి ఉండేది, నోరు రాలేదు. అందరికీ సరే చెప్పే నోరు, తనకు కావాల్సింది అడగమంటే మూగబోయేది.

మళ్లీ గోంచా వచ్చింది. రథం తిరిగొచ్చే రోజు ఎలాగైనా చెప్పేయాలనుకున్నాడు. పొద్దున ఫైనల్ మ్యాచ్, మధ్యాహ్నం తాడు డ్యూటీ, డ్యూటీ కాగానే ఫస్ట్ ఎయిడ్ టెంటు, టెంటులో ప్రవీణ. ఆ రోజుకి ఇంకే సరే చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

మ్యాచ్ బురదలో జరిగింది. హరిబాబు విపరీతమైన జలుబుతో, తుమ్ముతూనే ఆడాడు. చివరి పాయింటుకి బంతి దాదాపు నేల తాకబోయింది. భాను పొట్ట మీద జారుకుంటూ వెళ్లి పిడికిలితో లేపాడు, హరిబాబు కొట్టాడు, కప్పు వాళ్లదే. ఎన్నేళ్లుగానో ఓడిపోతున్న టీమ్ అది. హరిబాబు భానుని అమాంతం ఎత్తి, బురద బట్టలతోనే రథం దగ్గరికి లాక్కుపోయాడు.

"ప్రవీణా! డబ్బా ఇటియ్యి, జల్దీ!"

టెంటులోంచి ప్రవీణ సంచితో వచ్చింది. "ఏ డబ్బా?"

"గజామూంగ్ డబ్బా! భానుతోని గజామూంగ్ చేసుకుంటున్న."

ఆమె భాను ముఖంలోకి చూసింది. ఒక్క క్షణం ఏదో అడుగుతున్నట్టే చూసింది. అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. సంచిలో చెయ్యి పెట్టి, స్టీలు డబ్బా తీసి అన్న చేతిలో పెట్టింది.

"పట్టు రా. నేనిచ్చేది నువ్వు తిను, నువ్విచ్చేది నేను తింట. సరేనా?" అన్నాడు హరిబాబు.

"సరే," అన్నాడు భాను. గోంచా నాడు దేవుడికి పెట్టి పంచే మొలకెత్తిన పెసల ప్రసాదమే గజామూంగ్ అని మాత్రం విన్నాడు. ప్రసాదం వద్దనడం ఏం మర్యాద?

మొలకెత్తిన పెసలు చేతులు మారాయి. హరిబాబు చూడను కూడా చూడకుండా గుప్పెడు నోట్లో వేసుకున్నాడు. భాను కూడా వేసుకున్నాడు. నాలుక భగ్గుమంది. ప్రవీణ చేతి పెసల్లాగే ఈ ఊరి ప్రసాదం కూడా ఘాటే అనుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. చుట్టూ ఉన్నవాళ్లు అవి ఆనందబాష్పాలనుకుని చప్పట్లు కొట్టారు. హరిబాబు కొత్త తువ్వాలు తీసి అతని భుజాల మీద కప్పాడు.

"ఇక మనం గజామూంగ్‌లం! ఇయ్యాల్టి సంది నిన్ను పేరు పెట్టి పిలవను, నువ్వు నన్ను పిలవొద్దు. మా అమ్మ నీకు అమ్మ, మా నాయన నీకు నాయన. మా ప్రవీణ నీకు చెల్లె!"

భాను గొంతులో పెసరగింజ అడ్డం పడింది.

"చెల్లె... అంటే?"

"చెల్లె అంటే చెల్లెనే! సొంత చెల్లె లెక్క. రథం ముందల మార్చుకున్నం, చచ్చేదాక పోదు. సాయంత్రం ఇంటికి రా. నాయనమ్మ దీవిస్తది, భోజనం అక్కడనే. వస్తవా?"

"సరే," అంది అతని పాడు నోరు.

ప్రవీణ ముఖంలో ఏ భావమూ లేదు. "కంగ్రాట్స్ అన్నా," అని టెంటు వైపు వెళ్లిపోయింది.

ఆ 'అన్నా' తగిలినంత గట్టిగా తుప్కీ కాయ కూడా తగల్లేదు. తాడు పట్టుకున్నంతసేపూ అతనికి రథం కనబడలేదు, జనం కనబడలేదు. డ్యూటీ కాగానే టెంటుకి పరుగెత్తాడు. ఆమె ఒక ముసలమ్మ కాలివేలికి కట్టు కడుతోంది.

"ప్రవీణా, నాకు తెలీదు. మా టౌన్‌షిప్‌లో ఇవన్నీ లేవు. ప్రసాదం అనుకున్నాను."

"తెలవకపోతే అడగాలె. అడగకుండ సరే అన్నవ్. ఇప్పుడేంది?"

"నేను నీకు అన్నని కాలేను."

కట్టు కడుతున్న చేతులు ఆగాయి. తల మాత్రం ఎత్తలేదు. "నాకెందుకు చెప్తున్నవ్? గజామూంగ్ చేసుకున్నది నాతోనా? చేసుకున్నోనికి చెప్పు."

సాయంత్రం వాన తెరిపిచ్చింది. కొట్టు వెనకే ఇల్లు. భాను గడపలో నిలబడేసరికి లోపలి నుంచి పనసకాయ కూర వాసన వస్తోంది. హరిబాబు ఎదురొచ్చి చేయి పట్టుకుని, నాయనమ్మ అన్నపూర్ణమ్మ ముందు కూర్చోబెట్టాడు.

"రా బిడ్డా." ఆమె అతని తల నిమిరింది. "నాకూ ఒక గజామూంగ్ ఉండె. మా రెండిండ్లకు నడుమ గోడనే లేదనుకో. ఆమె పేరేందని అడగకు, పలకొద్దు. ఆమె పోయి ఎన్నేండ్లాయె, ఇప్పటికి పలకలే."

అది విన్నాక భానుకి పూర్తిగా భయం వేసింది. ఇది ఆటలో మాట కాదు. ఇప్పుడు కాదంటే హరిబాబు లాంటి స్నేహితుడు మళ్లీ దొరకడు, ఈ ఇంటి గడప తొక్కనివ్వరు. ఊరుకుంటే రేపటి నుంచి ప్రవీణ పెళ్లిచూపులకి కుర్చీలు వేయాల్సింది తనే. విస్తరి వేశారు. వంటింటి గుమ్మంలో ప్రవీణ నిలబడి ఉంది.

"కుదరదు," అన్నాడు భాను.

"ఏంది కుదరదు? భోజనమా?"

"గజామూంగ్ కుదరదు, హరీ."

పేరు పెట్టి పిలిచాడు. హరిబాబు ముఖం పాలిపోయింది.

"నువ్వంటే నాకు ప్రాణం. ఈ ఊళ్లో నాకు మొదట దొరికిన మనిషివి నువ్వే. కానీ ప్రవీణకి అన్నని కాలేను. ఏడాదిగా ఆమెను ప్రేమిస్తున్నాను. ఆమెకి నేనంటే ఇష్టమో కాదో కూడా నాకు తెలీదు. ఇష్టం లేకపోయినా సరే, అన్నని మాత్రం కాలేను. పొద్దున తెలియక సరే అన్నాను. తప్పు నాదే. తిడితే తిట్టు."

"రథం ముందల... అందరు చూస్తుండంగ..." అంటూ హరిబాబు ముక్కు తుడుచుకున్నాడు. అది జలుబో దుఃఖమో తెలియలేదు.

అన్నపూర్ణమ్మ నిట్టూర్చింది. "నిజం చెప్పినవ్ బిడ్డా, మంచిదే. కానీ రథం ముందల మార్చుకున్న గజామూంగ్ వాపస్ తీసుకునుడు ఉండదు."

భాను తల వంచుకున్నాడు. భుజం మీది కొత్త తువ్వాలు తీసి హరిబాబు పక్కన పెట్టి, లేచి వెళ్లిపోదామనుకున్నాడు. అప్పుడు ప్రవీణ లోపలికి వెళ్లి, స్టీలు డబ్బా తెచ్చి నాయనమ్మ ఒళ్లో పెట్టింది.

"మూత తీసి చూడు."

నిండుగా పెసలు. పైన పొద్దున నాయనమ్మ పెట్టిన తులసాకు, పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ఇది గజామూంగ్ డబ్బా కదనే? నువ్వు పొద్దున నైవేద్యం పెట్టి తెచ్చింది? మరి వీళ్లు తిన్నదేంది?"

"టీమ్‌కు చేసింది. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, నిమ్మకాయ. జర ఉప్పు."

నాయనమ్మ నోరు తెరిచింది. "ఉల్లిగడ్డ ఏసి, దేవునికి పెట్టంది గజామూంగ్ ఎట్లయితది?" అని పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "ఒరేయ్ హరిగా, నీ నాలుకకు తెలవలేదార?"

"వారం సంది నాకు ఏ రుచి తెలుస్తలేదు!" హరిబాబు గట్టిగా తుమ్మాడు. "ప్రవీణా, కావాల్నని ఇచ్చినవా?"

"ఆ. ఈయన అడగకుండ సరే అంటడని నాకు తెలుసు. అందుకే ఇచ్చిన."

"మరి పొద్దున్నే చెప్పొచ్చు కదా!" అన్నాడు భాను. గోడకి చేరగిలపడ్డాడు. ఏడుపు వస్తోందో నవ్వు వస్తోందో తెలియడం లేదు. "పొద్దుట్నుంచి చచ్చి బతికాను!"

"నేను మాత్రం సుఖంగున్ననా?" ప్రవీణ అతని ముందుకొచ్చి నిలబడింది. "డబ్బా మార్చుడు నా చేతిల ఉంది, మార్చిన. కుదరదనుడు నీ నోట్ల ఉంది. అది నేననలేను కదా. ఊరందరికీ సరే అనేటోడివి, నా కోసం ఒక్కసారన్నా కాదంటవో లేదోనని ఎంత భయపడ్డనో తెలుసా?"

"అనకపోతే?"

"రాఖీ పండగ ఎంతో దూరంల లేదు."

అంటూనే ఆమె నవ్వింది. ఏడాదిగా ఆ పెసలు ఎందుకు ఆగేవో భానుకి ఇక అడగక్కర్లేకపోయింది.

హరిబాబు మాత్రం ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. "నా గజామూంగ్ పాయె."

"గజామూంగ్ పోతే బావ దొరికిండు, ఏడ్వకు," అంది నాయనమ్మ. "మీ అమ్మానాయనకు నేను చెప్త. బిడ్డా, కిరండూల్‌కు ఫోన్ కలుపు. మీ అమ్మతోని మాట్లాడుత. రైలెక్కి రమ్మంట."

హరిబాబు పక్కనున్న తువ్వాలు తీసి మళ్లీ భాను మెడలో వేశాడు. "బావా," అని చూశాడు ఒకసారి, రుచి చూస్తున్నట్టు. "బాగనే ఉంది. అయితే బావా, ఎల్లుండి మన కొట్టుల కొత్త ర్యాకులు బిగించాలె..."

"కుదరదు," అన్నాడు భాను. "ఎల్లుండి ప్రాక్టీస్ ఉంది."

ప్రవీణ పకపకా నవ్వింది. నాయనమ్మ అసలు గజామూంగ్ అందరికీ పంచుతోంది. తన వంతు తీసుకున్న ప్రవీణ, అందులోంచి చిటికెడు తీసి, కళ్లలో కొంటెతనంతో భాను వైపు చేయి చాపింది.

భాను రెండు చేతులూ వీపు వెనక దాచేసుకున్నాడు.

"కుదరదంటే కుదరదు! నాయనమ్మా, నాకు మీరే పెట్టండి."