తుండుగుడ్డ ప్రయాణం

"సుఖమేనామ్మా?" అన్నాడు గవర్రాజు, పదకొండో సీటు మీది తుండుగుడ్డను పట్టకారుతో ఎత్తుతూ.

"మళ్ళీ సుంకమేంటండీ? టిక్కెట్టప్పుడే పీల్చారు కదా!" అంది పక్కన నిలబడ్డ నూకరత్నం. నెలలు నిండిన మనిషి. వాచిన కాళ్ళతో కాకినాడ ఆసుపత్రికి బయల్దేరింది.

ఆ మాట గాలిబస్సు వెనక వరుసకి చేరేసరికి 'నిలబడ్డా సుంకమంట' అయి కూర్చుంది. కూర్చున్నది మాటే, మనుషులెవరూ కూర్చోలేదు.

కూర్చుంటే సౌకర్య రుసుము. కిటికీవైపు మొహం తిప్పితే దృశ్య రుసుము. కంబీ పట్టుకుంటే పట్టు రుసుము, పట్టుచీరకి పెట్టినంత పెట్టాలి. కూర్చున్నాక "అమ్మయ్య" అని నోరు జారారా, బస్సుని నడిపే యంత్రం, సుఖదాయని, తృప్తి రుసుము లాగేస్తుంది. నిలబడటం ఒక్కటే ఉచితం. అందుకే బస్సు నిండా జనం, సీట్ల నిండా ఖాళీ.

గవర్రాజు ఈ బస్సుకి సుఖపరిశీలకుడు. సుఖం ఉద్యోగం పేరులో ఉంది. పని మాత్రం గుడ్డలు ఏరడం. బస్సు ఆగగానే కిటికీలోంచి రుమాలో తువ్వాలో విసిరి సీటు ఆపుకోవడం ఈ జిల్లా జనానికి తాతలనాటి అలవాటు. కూర్చునే స్తోమత పోయినా చెయ్యి ఊరుకోదు. గోదారి మొహం చూడనివాళ్ళు తయారుచేసిన సుఖదాయనికి ఈ అలవాటు తెలియదు. సీటుకి ముందు ఏది తగిలితే ఆ పేరే రాసుకుంటుంది, అది లేచేదాకా మార్చదు. గుడ్డ తగిలితే 'సామాను'. సామానుకి సుఖం ఉండదు, రుసుమూ ఉండదు. కాబట్టి బస్సు కదిలేలోగా గుడ్డలన్నీ ఏరెయ్యాలి. ఒక్కటి మిగిలినా పరిశీలకుడి ఉద్యోగం ఊడుతుంది.

"కాసేపు కూర్చోరాదూ?" అన్నాడు.

"కూర్చుంటే ఆసుపత్రికని దాచింది సీటే తినేస్తదండి." ఆమె ఒక పక్కకి ఊగింది. కంబీకేసి చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

గవర్రాజు పట్టకారులోని తుండుగుడ్డని చూశాడు. దాన్ని మళ్ళీ పదకొండో సీటు మీద పరిచి, ముడతలు సవరించాడు.

"కూర్చోమ్మా. గుడ్డ మీదే."

"మరి మీ ఉద్యోగమండీ?"

"అది నిలబడితే నిలబడుతుంది. ముందు నువ్వు కూర్చో."

నూకరత్నం నెమ్మదిగా కూర్చుంది.

"పదకొండు: సామాను," అంది సుఖదాయని. "బరువు ఎక్కువ. జాగ్రత్తగా దించగలరు."

వెనక నుంచి చేపల వ్యాపారి పోలిశెట్టి గొంతెత్తాడు. "ఆయ్! నిలబడ్డా సుంకమే అన్నాక ఇంకా నిలబడ్డమెందుకండీ?" భుజం మీది తువ్వాలు తీసి సీటు మీద వేసి చతికిలబడ్డాడు. ఆ వెంటనే రుమాళ్ళు, కండువాలు, ఒకాయన పెళ్ళిలో కప్పించుకున్న శాలువా... చూస్తుండగానే బస్సంతా కూర్చుంది.

"ప్రయాణికులు: సున్నా. సామాను: నిండుగా. మధ్య స్టాపులు రద్దు. నేరుగా కాకినాడ."

"నేను సామర్లకోటలో దిగాలి బాబోయ్!" అన్నాడొకాయన.

"సామానువి, నీకు మాటలేంటి? ఊరుకో," అన్నాడు పోలిశెట్టి. "ఇంతకీ పరిశీలకుడు గారూ, ఆ కొత్త సుంకమెంతండీ?"

"కొత్త సుంకమా? ఎవరన్నారు?"

"మీరే కదండీ ఆవిణ్ణి అడిగారు!"

గవర్రాజు నుదురు కొట్టుకున్నాడు. కాకినాడలో తన కోసం ఏం కాచుకుని ఉంటుందో అతనికి తెలుసు. మిగిలిన ఒకే ఒక్క సీటు మీదకి ఉద్యోగపు టోపీ విసిరి, దాని మీద కూర్చున్నాడు. అప్పుడు అందరికీ వినబడేలా చెప్పాడు.

"సుంకం కాదండీ బాబూ! నిలబడలేక ఊగిపోతుంటే, 'సుఖమేనామ్మా' అని అడిగాను. అంతే!"

బస్సంతా ఘొల్లుమంది. నవ్వు సద్దుమణిగాక నూకరత్నం వెనక్కి వాలి, రెండు కాళ్ళూ చాపింది.

"ఇప్పుడు సుఖమేనండి," అంది. "అమ్మయ్య!"

అందరి తలలూ భయంగా పైకి లేచాయి.

"పదకొండులో చప్పుడు," అంది సుఖదాయని. "సామాను సరిగా సర్దలేదు."